అమెరికాల తెల్లోళ్ల ప్రివిలేజ్ అంటున్నరు గదా, అది మన తాన లేదా?

కల్వకుర్తి_పోరడు:
అన్నలు అక్కలు ఒక డౌట్. మా పెద్దనాయిన కొడుకు న్యూజెర్సీల ఉంటడు, ఫ్యామిలీ గ్రూపుల ఒకటే లొల్లి, ఆఫీసుల ప్రమోషన్లన్నీ తెల్లోళ్లకే పోతున్నయి, మనం ఎంత చేసినా బ్రౌన్ అని పక్కకు పెడ్తున్నరు, ఇదంతా వైట్ ప్రివిలేజ్, అంటే తెల్లగ పుట్టినందుకే ఊరికె దక్కే మేలు అని. సరే, బాధ నిజమే కావొచ్చు. గాని అదే మనిషి హైదరాబాద్ల ఫ్లాట్ కిరాయికి ఇచ్చేటప్పుడు "మనోళ్లయితెనే ఇయ్యుండ్రి, ఎస్సీ ఎస్టీలకు వద్దు" అని పెద్దనాయినకు ఫోన్ల చెప్పిండు. ఇదేందన్నా అంటే అది వేరు ఇది వేరు, అది జాతి ఇది కులం అన్నడు. నిజంగ వేరేనా? చరిత్ర తెల్సినోళ్లు చెప్పుండ్రి, తిట్టుకోకుండ.

నకిరేకల్_నడుమింటోడు:
తిట్టుకోకుండ అంటే ఈ టాపిక్ రెండో పేజీ దాక గూడ పోదు తమ్మీ. నేనైతే పల్లీలు ఏంచుకొని కూసుంటున్న.

మిర్యాలగూడ_మిల్లు:
మీ అన్న చెప్పింది కరెక్టే. అమెరికాలో తెల్లోళ్లు మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్ముకున్నారు, అది వాళ్ల పాపం, వాళ్లు మోసుకోవాలి. మన దగ్గర ఆ అమ్ముడు కొనుడు ఎక్కడుంది? ఇంకో మాట, ఆ ప్రివిలేజ్ అనే మాటే నాకు నచ్చదు. మా తాత మూడెకరాల రైతు, మా నాయిన మిల్లులో గుమాస్తా, నేను ఓసీ అయినందుకు ఏం ఒరిగింది? ఎంసెట్‌లో నాకంటే వెనక ర్యాంకోడు సీటు కొట్టిండు. ప్రివిలేజ్ ఎవరిదంట మరి? అమెరికాలో కూడా కెంటకీ, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల దగ్గర తిండికి లేని తెల్లోళ్లు ఉన్నారు, వాళ్లకు పోయి చెప్పండి మీకు ప్రివిలేజ్ ఉందని, తంతారు.

అచ్చంపేట_సోషల్_సార్:
మిల్లు బాబూ, నీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు, మంచి ప్రశ్నే. పేద తెల్లోడికి ఏం ఒరిగింది అనేది అమెరికా చరిత్రలో అందరూ తన్నుకునే ప్రశ్న. 1676లో వర్జీనియాలో బేకన్ అనేటాయన తిరుగుబాటు చేసిండు, అందులో తెల్ల కూలీలు, నల్ల కూలీలు కలిసి గవర్నర్ మీదికి పోయి రాజధాని జేమ్స్‌టౌన్ తగలబెట్టిండ్రు. ఆ భయం దొరలకు పోలే. 1705 నాటికి అక్కడ బానిస చట్టాలన్నీ ఒక్క కాడ కుప్పేసి, నల్లోడు తెల్లోడి మీద చెయ్యెత్తితే కొరడా దెబ్బలు, తెల్ల కూలీకి గడువు తీరి బయటికి పోయేటప్పుడు మక్కలు, కొంత పైకం, ఒక తుపాకీ ఇవ్వాలె అని రాసిండ్రు. అంటే పేద తెల్లోడు ధనవంతుడేం కాలే. గాని వానికింద ఒకడున్నడు అనే ధీమా వచ్చింది. డు బోయిస్ అనే నల్లజాతి పండితుడు 1935లో దీన్నే మనసుకు దొరికే కూలి అన్నడు, చేతికి వచ్చే కూలి తక్కువైనా ఇది దక్కితే ఊకుంటడని.

వెట్టి రోజులల్ల మన ఊళ్లెల్ల గూడ ఇదే కథ. దొర గడీ ముందర రెడ్డి రైతు అయినా చెప్పులు చేతుల పట్టుకొనే పోయేటోడు, ఇంటికొచ్చి మాదిగాయన మీద అదే పెత్తనం చేసేటోడు. దొర మీద కోపం కిందికి దిగేది.

కల్వకుర్తి_పోరడు:
సార్ నమస్తే. మీరు మా జెడ్పీ స్కూల్ల చేసిండ్రా ఎప్పుడన్న? రాసే తీరు చూస్తే మా సార్ లెక్కనే ఉన్నది.

అచ్చంపేట_సోషల్_సార్:
నేను ఎవరో పక్కకు పెట్టు బిడ్డా, రిటైరైన. టాపిక్ మీద ఉండు.

డల్లాస్_సూర్యాపేట:
నేను ఇక్కడ ఉండబట్టి చాలా ఏండ్లాయె. ఒకటి చెప్త. పోయిన సమ్మర్ల పాత ఏరియాల ఇల్లు కొన్న, రెండో ప్రపంచ యుద్ధం ముందర కట్టిన చిన్న ఇల్లు, చెట్లు బాగుంటయి అని. ఇల్లు పేరు మీదికి మారే (క్లోజింగ్) టైంల, ఆస్తి కాయితాలు చూసే టైటిల్ కంపెనీ ఒక కట్ట పేపర్లు ఇచ్చింది, ఎవ్వరూ చదవరు, నేను గూడ చదవలే, తర్వాత ఒక ఆదివారం ఊరికె తిరగేస్తుంటే పాత లేఅవుట్ షరతులు కనిపిచ్చినయి. ఇంత సైజు కంటె చిన్న ఇల్లు కట్టొద్దు, కోళ్లు పశువులు సాకొద్దు, ఇంటి ముందర ఇన్ని అడుగులు వదలాలె, దాని కిందనే ఇంకో లైను: తెల్లజాతి కాని మనిషి ఈ స్థలం కొనొద్దు, ఉండొద్దు, ఇంట్ల పనిమనిషిగ అయితె ఉండొచ్చు. కోళ్ల లైను, మనుషుల లైను ఒకే సైజు అక్షరాలల్ల, ఒకే టైపురైటర్ల. చదువుకుంట కిచెన్ల కూసున్న, మా ఆవిడ ఏమైంది అంటే చూపిచ్చిన. ఈ ఇంట్ల మనం అంట్లు తోమొచ్చు గాని పండొద్దన్నట్టు అన్నది.

1948ల సుప్రీంకోర్టు ఇసుంటి షరతులను ఏ కోర్టూ అమలు చెయ్యొద్దు అన్నది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టంతోని పూర్తిగ చెల్లకుంట పోయినయి. కాయితం మీద మాత్రం ఇంక అట్లనే ఉన్నది.

నకిరేకల్_నడుమింటోడు:
అన్నా ఇది చదివినంక పల్లీలు లోపలికి పోతలేవు.

గద్వాల_జరీ:
డల్లాస్ అన్నా, ఆ లైను ఒక్క కాలనీది కాదు. ప్రభుత్వమే దగ్గరుండి చేయించింది. 1930లల్ల ఇండ్ల అప్పుల కోసం పట్టణాలకు మ్యాపులు గీసిండ్రు, మంచి ఏరియా ఆకుపచ్చ, తర్వాత నీలం, పసుపు, అప్పు ఇస్తే మునుగుతది అనేదానికి ఎరుపు. సర్వే ఫారంల నీగ్రోలు ఉన్నరా లేరా, ఉంటే ఎంత శాతం అని ఒక గడే ఉండె. నల్లోళ్లు ఉన్న బస్తీ చాలా మటుకు ఎరుపే. ఎర్ర గీత లోపల ఇల్లు కొందామంటే సర్కారు గ్యారంటీ ఉన్న అప్పు పుట్టేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944ల చట్టం చేసిండ్రు, చదువుకు ఫీజులు, ఇంటికి అప్పు. చట్టంల ఎక్కడా రంగు లేదు, చూడు, ఎంత శుభ్రంగ ఉన్నదో. 1947ల మిసిసిపీ పట్టణాలల్ల ఆ స్కీం కింద వచ్చిన 3,229 అప్పులల్ల నల్ల సైనికులకు వచ్చినవి రెండు. రెండంటే రెండే. ఎందుకంటే అప్పు ఇచ్చేది లోకల్ బ్యాంకు, బ్యాంకుల కూసున్నది తెల్ల మేనేజర్.

1935ల ముసలితనం పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు గూడ పొలం కూలీలను, ఇంటి పనోళ్లను బయట పెట్టిండ్రు, దక్షిణాదిల నల్లోళ్లు ఎక్కువ చేసేది ఆ రెండు పనులే.

మిర్యాలగూడ_మిల్లు:
అదంతా ఎప్పుడో. ఇప్పుడు నల్లోడు ప్రెసిడెంట్ కూడా అయ్యిండు. ఇంకెన్ని రోజులు తాతల కథలు చెప్పుకుంటారు?

గద్వాల_జరీ:
ఎప్పుడో కాదు మిల్లు అన్నా. 1950ల కొన్న ఇల్లు ఇప్పటికి ఎన్ని రెట్లయితదో మీకే తెల్సు, మీరు మిర్యాలగూడల ప్లాట్ల రేట్లు చూస్తనే ఉన్నరు గదా. ఆ ఇల్లు కుదువ పెట్టి కొడుకును కాలేజీల చదివిస్తరు, ఆ కొడుకు తన బిడ్డకు డౌన్ పేమెంట్ ఇస్తడు. 2022ల అమెరికా సెంట్రల్ బ్యాంకు సర్వేల, ఆస్తి వరుసల సరిగ్గ నడిమిట్ల ఉన్న తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. ఆరు రెట్లకు పైన. ఇయ్యాల ఎవరూ ఎవర్ని తిట్టకున్నా, కొట్టకున్నా ఆ తేడా దాని పని అది చేస్కుంట పోతది.

అచ్చంపేట_సోషల్_సార్:
జరీ అమ్మ అసలు చోటుకు వచ్చింది. నాకు ముప్పై ఏండ్ల నుంచి ఇదే అనిపిస్తది, రంగు గురించి ఎంత మాట్లాడినా కిందికి తవ్వితే భూమే తగులుతది.

1862లో హోమ్‌స్టెడ్ చట్టం అని, అయిదేండ్లు ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు నీదే అన్నరు. అట్ల పంచింది మొత్తం 27 కోట్ల ఎకరాల దాక, అంటే దగ్గర దగ్గర పది తెలంగాణలు. ఆ భూమి రెడ్ ఇండియన్లది, వాళ్లను నెట్టేసి పంచిండ్రు. పేరుకు నల్లోళ్లకు గూడ అవకాశం ఉన్నది, గాని బానిసత్వం పోయింది 1865లో, చేతిల ఎద్దు లేదు, నాగలి లేదు, వేల మైళ్లు పోయేందుకు బండి ఖర్చు లేదు. పోయినోళ్లు కొందరే.

ఇంకోటి, 1865 జనవరిలో షెర్మన్ అనే జనరల్ తూర్పు తీరం పొంటి భూములను బానిసత్వం నుంచి బయటపడ్డోళ్లకు కుటుంబానికి 40 ఎకరాల దాక పంచమని హుకుం ఇచ్చిండు. ఒక నలభై వేల మంది పోయి దున్నుకున్నరు గూడ. లింకన్‌ను చంపినంక వచ్చిన ప్రెసిడెంట్ జాన్సన్ అదే ఏడు ఆ భూమి పాత దొరలకు వాపస్ ఇప్పిచ్చిండు. పంట మీద ఉన్న భూమి.

ఇది చదివినప్పుడల్లా నాకు మన నల్లగొండ యాదికొస్తది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు, అప్పుడు జనగామ నల్లగొండ జిల్లాలనే ఉండె. సాయుధ పోరాటంల మూడు వేల ఊళ్లల్ల పది లక్షల ఎకరాలు పంచినం అని కమ్యూనిస్టు పార్టీ లెక్క. 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయినంక పట్నం ఉరికిన దొరలు మిలిటరీ ట్రక్కుల ఎనుక మళ్ల ఊళ్లకు వచ్చిండ్రు. ఎన్నో ఊళ్లల్ల భూమి మళ్ల దొర పేరు మీదికే.

కల్వకుర్తి_పోరడు:
సార్ ఇది మాకు పుస్తకంల పోరాటం అని ఉంటది గాని వాపస్ గుంజుకున్నది ఉండదు.

నకిరేకల్_నడుమింటోడు:
మా నాయినమ్మ చెప్పేది, దొర వాపస్ వచ్చిన రోజు కల్లు దుకాణం బంద్ పెట్టిండ్రట ఊళ్లె. ఎవ్వడూ తాగే మూడ్ల లేరు.

మిర్యాలగూడ_మిల్లు:
సార్ మీరు పెద్దవారు, గౌరవంతోనే అడుగుతున్నా. మా తాత మూడెకరాలు దొరది కాదు, కొనుక్కున్నది. దానికి నేనెందుకు సిగ్గు పడాలి?

అచ్చంపేట_సోషల్_సార్:
సిగ్గు పడమని ఎవరన్నరు బాబూ? నువ్వు సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నోడివి, తలకాడ పొలమోడికి తూము దగ్గరే నీళ్లు అందుతయి, చివరి ఆయకట్టు రైతు రాత్రి పూట టార్చిలైటు పట్టుకొని కాలువ పొంటి తిరుగుతడు. తలకాడోడు దొంగ కాదు, కష్టపడనోడు గూడ కాదు. గాని చివరి పొలమోనికి పంట తక్కువ వస్తే "వాడు సోమరి" అన్నడనుకో, అప్పుడు మాత్రం మాట్లాడాలె.

మీ తాత కొన్నడు, మంచిగ చేసిండు. అదే రోజులల్ల అదే ఊళ్లె మాదిగాయన దగ్గర పైసలున్నా పట్టా భూమి అమ్మేటోడు ఉన్నడా? ఊళ్లె పెద్దమనుషులు ఒప్పుకునేటోళ్లా? అది అడుగు మీ నాయినను.

దేవరకొండ_నర్సు:
సార్ చెప్పింది బాగున్నది గాని నేను ఒప్పుకోను పూర్తిగ. అంతా భూమే అంటే మరి పైసలు వచ్చినంక అయిపోవాలె గదా? నాది తండా, లంబాడ. హైదరాబాద్ల పెద్ద దవాఖానల స్టాఫ్ నర్సును, నా మొగడు ఇంజినీరు, ఇద్దరికీ జీతాలు మంచిగనే వస్తయి. ఇల్లు కిరాయికి చూస్తుంటే ఓనరమ్మ అంతా మంచిగ మాట్లాడింది, అడ్వాన్స్ ఎంతో చెప్పింది, నల్లా ఎన్ని గంటలకు వస్తదో చెప్పింది, పోయేటప్పుడు అగ్రిమెంటు కోసం పూర్తి పేరు అడిగింది. చివర నాయక్ అని వినంగనే "మా తమ్ముడు అడిగిండు, ఆయనకు ఇస్తున్నం, మర్చిపోయిన" అన్నది. ఆ టు-లెట్ బోర్డు నెల దాటినంక గూడ అట్లనే ఉండె, నేను డ్యూటీకి పోయే తొవ్వనే అది.

డల్లాస్ అన్న ఇంటి కాయితంల రాసి పెట్టిండ్రు, ఇక్కడ కాయితం గూడ అక్కర్లేదు. రాసి ఉంటే కోర్టుకన్న పోవచ్చు.

ఇంకో మాట చెప్త, మావాళ్లది గూడ. మా వార్డుకు సూడాన్, సోమాలియా పేషెంట్లు వస్తరు, టోలీచౌకీ దిక్కు ఉండేటోళ్లు. మా ఆయమ్మలు, సిస్టర్లు వాళ్ల ముందరనే హబ్షీ హబ్షీ (ఆఫ్రికా నల్లోడు) అని నవ్వుతరు, వాళ్లకు తెలుగు రాదని. అండ్ల ఎస్సీలు ఉన్నరు, మా లంబాడోళ్లు ఉన్నరు. కిందోడు దొరికితే ఎవ్వరూ ఊకుంటలేరు.

వనపర్తి_కోట:
సిస్టర్ హబ్షీ అన్నవు గాబట్టి చెప్త, మా వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఆఫ్రికా సిద్దీల పటాలం ఉండె, అది తర్వాత నిజాం ఫౌజులకు పోయింది. పట్నంల ఏసీ గార్డ్స్ అంటరు గదా, ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం ఊరేగింపుల గుర్రాల మీద ముందర నడిచేది వాళ్లే. 1948 తర్వాత ఆ నౌకరీలు పోయినయి, వాళ్ల మనవలు అక్కడనే ఉన్నరు, ఉర్దూ మనకంటె మంచిగ మాట్లాడ్తరు, ఫుట్‌బాల్ ఆడ్తరు, మర్ఫా డప్పు కొడ్తరు. అయినా ఆటో ఎక్కితే "ఏ దేశం?" అని అడుగుతరట. కాబట్టి మిల్లు అన్నా, మన దగ్గర అమ్ముడు కొనుడు లేదు అన్నవు గదా, ఆఫ్రికా నుంచి దక్కనుకు మనుషులను తెచ్చి అమ్మింది నిజమే, అహ్మద్‌నగర్ల రాజ్యం నడిపిన మాలిక్ అంబర్ గూడ మొదలు ఇథియోపియా నుంచి అట్ల అమ్ముడుపోయి వచ్చినోడే.

నకిరేకల్_నడుమింటోడు:
పెండ్లి చూపులల్ల "పిల్ల చామనఛాయ" అంటే రెండు లక్షలు ఎక్కువ అడిగే దేశం మనది, మనకు రంగు పట్టింపు లేదట. ఫెయిర్ అండ్ లవ్లీ 1975ల వచ్చింది, పేరు మార్చనీకి 2020 పట్టింది, అది గూడ అమెరికాల నల్లోళ్లు రోడ్డెక్కినంక. క్రీం అదే.

ముదిమాణిక్యం_బాస్:
ఇవన్నీ కాదు, ఆంధ్రోళ్లు మన భాషను సినిమాల్ల రౌడీలకు, కమెడియన్లకు పెట్టిండ్రు చూడు, అది అసలు రేసిజం. దాని మీద ఎవ్వరూ మాట్లాడరేం??

అడ్మిన్:
దాని మీద వేరే థ్రెడ్ ఉన్నది, పదహారు పేజీలు నడుస్తున్నది, అక్కడికి పోండి. ఇక్కడ ప్రాంతం లొల్లి తెస్తే డిలీట్ చేస్తా.

గద్వాల_జరీ:
పోరడి అసలు ప్రశ్నకు వస్త, జాతి వేరు కులం వేరు అన్నడు గదా వాళ్ల అన్న. అమెరికాల మనోళ్లే ఆ రెండింటినీ కలిపి కోర్టుల వాదించిండ్రు, తెల్సా?

భగత్ సింగ్ థిండ్ అని పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంల అమెరికా ఆర్మీల పనిచేసిండు. అప్పటి చట్టం ప్రకారం సిటిజన్ కావాలంటే తెల్లోడన్న కావాలె, ఆఫ్రికా మూలాలోడన్న కావాలె. ఈయన తరఫు వాదన ఏందంటే నేను ఆర్యుణ్ణి, ఉన్నత కులపోణ్ణి, మీరు నీగ్రోను ఎట్ల చూస్తరో మేం గూడ మా దేశంల కింది జాతులను అట్లనే చూస్తం, మీకు మాకు తేడా లేదు అని. 1923 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు ఏకగ్రీవంగ కొట్టేసింది, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లోడివి కాదు పో అన్నది. అంతకు ముందు సిటిజన్‌షిప్ వచ్చినోళ్లకు గూడ రద్దు చేసిండ్రు, కాలిఫోర్నియాల సిటిజన్ కాలేనోడు భూమి కొనొద్దు అనే చట్టం ఉండె, దాంతోని భూములు పోయినయి. మళ్ల 1946ల గాని దారి తెరవలే, అది గూడ ఇండియాకు ఏడాదికి వంద మంది కోటా.

ఆ వంద మంది కోటా తర్వాత వేలు, లక్షలు ఎట్లయింది? 1965 ఇమిగ్రేషన్ చట్టం. ముందటి ఏడు 1964ల పౌరహక్కుల చట్టం, 1965లనే ఓటు హక్కుల చట్టం. నల్లోళ్లు అలబామాల లాఠీలు, కుక్కలు, నీళ్ల పైపులు తట్టుకొని ఆ గాలి తెచ్చిండ్రు, ఆ గాలిలనే ఈ తలుపు గూడ తెరుచుకున్నది. న్యూజెర్సీ అన్నకు ఇది పంపు పోరడా.

డల్లాస్_సూర్యాపేట:
జరీ చెప్పింది నూటికి నూరు. ఇక్కడ మనోళ్ల పార్టీలల్ల నల్లోళ్లను ఏమని పిలుస్తరో రాయనీకి గూడ సిగ్గు. "ఆ ఏరియాల ఇల్లు కొనకు, స్కూల్ రేటింగ్ బాగుండదు" అంటరు, అందరికీ అర్థమైతది ఏం చెప్తున్నరో. అట్లని మాకు ఏం లేదు అనను. 2017ల కాన్సాస్‌ల మన హైదరాబాద్ ఇంజినీరును బార్ల కాల్చి చంపిండ్రు, నా దేశం నుంచి పో అని అరుచుకుంట. ఆ వారం మా ఆవిడ నన్ను రాత్రి గ్రోసరీకి గూడ పోనియ్యలే. రెండూ ఒక్క మనిషి మీదనే నడుస్తున్నయి, అదే నేను చెప్పేది.

ఇంక కులం. 2023 ఫిబ్రవరిల సియాటిల్ సిటీ కౌన్సిల్ కులం పేరు మీద వివక్ష చట్టరీత్యా తప్పు అన్నది, అమెరికాల మొదటి సిటీ. అదే ఏడు కాలిఫోర్నియా అసెంబ్లీ, సెనేట్ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ అక్టోబర్ల వీటో చేసిండు, ఉన్న చట్టాలల్లనే అది వస్తది అని. ఆ బిల్లు ఆపాలె అని మా గ్రూపులల్ల తిరిగిన మెసేజ్‌లు చూడాలె మీరు, హెచ్1బీ లాటరీకి గూడ అంత కొట్లాడలే.

మిర్యాలగూడ_మిల్లు:
అంటే అమెరికాలో కూడా మన పరువు తీసుకోవాలా? ఐక్యరాజ్యసమితిలో కులాన్ని జాతి వివక్షలో కలపొద్దు అని మన ప్రభుత్వమే చెప్పింది కదా.

అచ్చంపేట_సోషల్_సార్:
చెప్పింది, 2001లో డర్బన్ సమావేశంల. గాని బాధపడ్డోళ్లు ఈ రెండింటినీ ఎప్పుడో కలిపి చూసుకున్నరు. ఫూలే 1873లో గులాంగిరి రాసి, బానిసత్వం తీసేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చిండు. అంబేద్కర్ 1946లో డు బోయిస్‌కు ఉత్తరం రాసిండు, మీ నీగ్రోల స్థితి మా అంటరానివాళ్ల స్థితి ఒకే తీరుగ ఉన్నది, మీరు ఐక్యరాజ్యసమితికి ఇచ్చే అర్జీ కాపీ పంపమని. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడికి వస్తే కేరళల దళిత పిల్లల బడిల హెడ్మాస్టర్ ఆయనను "అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు" అని పరిచయం చేసిండు. ఆయనకు మొదలు చురుక్కుమన్నదట, తర్వాత నిజమే గదా అనుకున్నడట, ఆయనే చర్చిల చెప్పిండు ఈ మాట.

రెండూ అచ్చం ఒకటే అని నేను అనను. అక్కడ మొహం చూస్తే తెలుస్తది, ఇక్కడ పేరు, ఊరు, వాడ అడగాలె. అక్కడ గుడి తలుపు సంగతి లేదు, ఇక్కడ అంగడిల వేలం వేసిన సంగతి అంత పెద్దగ లేదు. నర్సమ్మా, నువ్వు చెప్పింది గూడ నిజం, పైసలు వచ్చినా పేరు పోదు. మీ పక్కనే మిర్యాలగూడల 2018ల పై కులం పిల్లను చేసుకున్నడని దళిత పిల్లగాడు ప్రణయ్‌ను చంపించిండ్రు గదా, ఆ పిల్లగానికి ఇల్లుండె, చదువుండె, ఏం కాపాడింది?

దేవరకొండ_నర్సు:
అది రాద్దామనే అనుకున్న సార్, చేతులు రాలే.

మిర్యాలగూడ_మిల్లు:
అది తప్పు, మా ఊళ్లో ఎవరూ మంచి పని అనలేదు. కొందరు అన్నారు, అది వేరే. రిజర్వేషన్ మీద మాత్రం నా అభిప్రాయం మారదు.

గద్వాల_జరీ:
మారకండి, గాని 2019 నుంచి ఓసీ పేదలకు 10 శాతం ఉన్నది, 8 లక్షల ఆదాయం దాక. అప్పుడు మెరిట్ పాడైతది అని మీ గ్రూపుల ఎవరన్న మెసేజ్ పెట్టిండ్రా?

నకిరేకల్_నడుమింటోడు:
సైలెన్స్ 😀

డల్లాస్_సూర్యాపేట:
ఒక సలహా కావాలె. ఆ కాయితంల లైను కొట్టేయించొచ్చా అని కౌంటీ ఆఫీసుల అడుగుదామనుకుంటున్న. మా ఆవిడ తీసేయించు అంటది. నాకేమో ఉండనియ్యాలె అనిపిస్తది, రేపు నా బిడ్డ చదవాలె.

దేవరకొండ_నర్సు:
తీసేయించు అన్నా. నా పేరు అట్ల ఒక కాయితంల ఉంటే నేనైతే ఒక్క రాత్రి పండను.

అచ్చంపేట_సోషల్_సార్:
ఫోటో తీసి పెట్టుకొని తీసేయించు. కాయితాలు పోతే "ఎప్పుడూ అట్ల లేదు" అనేటోళ్లు వస్తరు. మన దగ్గర గూడ అంతే, మీరందరు ఒక పని చేయుండ్రి, మీ మీ ఊరిది 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి ఊరి భూముల లెక్క, తీసి చూడుండ్రి. పట్టాదారు కాలంల ఎవరి పేర్లున్నయి, సాగు చేసినోళ్ల కాలంల ఎవరివి ఉన్నయి. కౌలుదారు చట్టం కింద సాగు చేసే కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్లు ఎవరికి రావాలె, ఎవరికి వచ్చినయి. ఒక సాయంత్రం కూసుంటే తెలుస్తది.

మిర్యాలగూడ_మిల్లు:
సార్ ఆ పహాణీ ఎక్కడ దొరుకుతుంది? మీసేవలోనా, తహసీల్దార్ ఆఫీసులోనా? మా తాత ఆ మూడెకరాలు ఎవరి దగ్గర కొన్నాడో మా నాయినకు కూడా సరిగా తెలియదు.

అచ్చంపేట_సోషల్_సార్:
తహసీల్దార్ ఆఫీసుల సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టు, సర్వే నంబర్ రాయాలె. ఉర్దూల ఉంటే నాకు పంపు, చదివి పెడ్త.